నాలుగైదు ఎన్‌కోడర్లు చదవడానికి ఏ మైక్రోకంట్రోలర్ తీసుకోవాలి?

ఎన్‌కోడర్ అంటే షాఫ్ట్ ఎంత, ఎటు తిరిగిందో ఏ, బీ అనే రెండు లైన్ల మీద పల్స్‌లుగా చెప్పే సెన్సర్. బోర్డు కొనకముందే ఒక లెక్క వేయాలి: సెకనుకు ఎన్ని ఎడ్జ్‌లు (లైన్ 0 నుంచి 1కి, 1 నుంచి 0కి మారే క్షణాలు) వస్తాయి? 600 పీపీఆర్ (చుట్టుకు 600 పల్స్‌ల) ఆప్టికల్ ఎన్‌కోడర్‌లో ఏ, బీ లైన్ల ఎడ్జ్‌లన్నీ కలిపితే చుట్టుకు 2400. మోటారు 3000 ఆర్పీఎంతో తిరిగితే సెకనుకు 1,20,000. అలాంటివి నాలుగుంటే 4,80,000. అదే చేత్తో తిప్పే 20 పల్స్‌ల నాబ్ అయితే, సెకనుకు అయిదు చుట్లు తిప్పినా 400 దాటదు.

నాబ్‌లకైతే ఏ బోర్డయినా చాలు. ఇంటరప్ట్‌లు (పిన్ను మారగానే చేస్తున్న పని ఆపించే పిలుపులు) వద్దు, కాంటాక్ట్ బౌన్స్‌కి, అంటే లోపలి రేకులు తగిలేటప్పుడు అదరడానికి, అవి వరదలా వచ్చిపడతాయి. 1 మిల్లీసెకనుకోసారి టైమర్‌తో పిన్నులు చదివి, పాత రెండు బిట్లు, కొత్త రెండు బిట్లు కలిపి 16 గడుల పట్టికలో చూస్తే +1, -1 లేదా 0 వస్తుంది. బౌన్స్ వల్ల ఒకటి పెరిగితే వెంటనే ఒకటి తగ్గి సరిపోతుంది. గబగబా తిప్పినప్పుడు మెట్లు తప్పితే 0.5 మిల్లీసెకనుకి దించండి. స్విచ్‌లతో సహా ఎనిమిది నాబ్‌లంటే 24 పిన్నులు; ఒక్కోటి ఎనిమిది ఇన్‌పుట్‌లను ఒకే లైన్ మీద పంపే 74హెచ్‌సీ165 చిప్‌లు మూడు వరసగా కలిపితే సరి. వాటిలో పుల్-అప్‌లు (లైన్ ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని 1 దగ్గర నిలిపే రెసిస్టర్లు) ఉండవు కాబట్టి ప్రతి ఇన్‌పుట్‌కీ 10 కిలో-ఓమ్‌లు పెట్టాలి.

మోటార్ల సంగతి వేరు. ఆర్డుయినో ఊనో 16 మెగాహెర్ట్జ్‌లో పైన చెప్పిన నాలుగింటికి ఎడ్జ్‌కు 33 క్లాక్ సైకిళ్లే మిగులుతాయి. ఇంటరప్ట్‌లోకి వెళ్లి రావడానికే అవి అయిపోతాయి. లెక్కింపు హార్డ్‌వేరే చేయాలి.

ఎస్టీఎం32ఎఫ్103సీ8లో నాలుగు టైమర్లకు ఎన్‌కోడర్ మోడ్ ఉంది, కానీ ఉన్నవే ఆ నాలుగు. నాలుగు ఎన్‌కోడర్లు పెడితే మోటారు వేగాన్ని నడిపే పీడబ్ల్యూఎం పల్స్‌లకి టైమరే మిగలదు! ఎస్టీఎం32ఎఫ్411 మేలు: ఎన్‌కోడర్ మోడ్‌కి అయిదు, వాటిలో టైమర్ 2, 5లు 32 బిట్లవి, పీడబ్ల్యూఎంకి ఇంకో మూడు. ఏ, బీ లైన్లు మాత్రం టైమర్ ఛానెల్ 1, 2లకే వెళ్లాలి.

ఈఎస్పీ32లో ఎనిమిది పల్స్ కౌంటర్లున్నాయి. పేరు చూసి మోసపోకండి: ఎస్3లో నాలుగే, సీ3లో అసలు లేవు. ఆర్పీ2040లో ఎనిమిది పీఐఓ స్టేట్ మెషీన్లు (ప్రాసెసర్‌తో పని లేకుండా పిన్నులు చూసుకునే చిన్న యంత్రాలు) ఎనిమిది ఎన్‌కోడర్లను చదవగలవు. ఏ, బీ పక్కపక్క పిన్నుల్లో ఉంటే పని తేలిక.

16 బిట్ల కౌంటర్ ఆ వేగానికి అర సెకనులో నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 10 మిల్లీసెకన్లకోసారి చదివి, తేడాని సైన్డ్ 16 బిట్ల సంఖ్యగా తీసుకుని పెద్ద వేరియబుల్‌కి కలపండి. ఈఎస్పీ32 కౌంటర్ మాత్రం హద్దు తాకగానే సున్నాకి వస్తుంది. ఆ ఈవెంట్‌ని పట్టుకోవాలి. చిన్న తప్పుడు పల్స్‌లను వదిలేసే నాయిస్ ఫిల్టర్ 1 మైక్రోసెకను దగ్గర ఉంచండి, మరీ పెంచితే అసలు పల్స్‌లే పోతాయి.

ఎన్‌కోడర్ ఓపెన్-కలెక్టర్ రకమైతే (లైన్‌ని కిందికి మాత్రమే లాగేది) సప్లై 5 వోల్టులైనా పుల్-అప్ 3.3 వోల్టులకే, 2.2 కిలో-ఓమ్‌లతో. పుష్-పుల్ (లైన్‌ని పైకీ కిందికీ తానే నడిపేది) రకమై 5 వోల్టులు ఇచ్చేదైతే ఈఎస్పీ32, ఆర్పీ2040లకు 5 వోల్టులను 3.3కి దించే లెవెల్ షిఫ్టర్ తప్పదు.

చివరగా షాఫ్ట్ మీద గీత పెట్టి పది చుట్లు తిప్పండి: 24,000 రావాలి. నెమ్మదిగా తిప్పినా తేడా వస్తే వైరింగ్, గ్రౌండ్ చూడండి. వేగంలోనే తప్పుతుంటే ఫిల్టర్ తగ్గించండి, లేదా ఇంకా చిన్న పుల్-అప్ వేయండి.