మన తర్వాత బిడ్డకు - 3వ పాఠం: ఆస్తి ఎవరి పేర, తాళం ఎవరి చేత

కిందటి పాఠంలో రాసుకున్న ఆస్తుల జాబితా, బిడ్డ యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) పక్కన పెట్టుకుని ఇది చదవండి. ఈసారి వీలునామా.

ఒక ఇల్లు అనుకుందాం. ఒడిశాలోని పర్లాకిమిడిలో బట్టల కొట్టు, దాని వెనకాలే ఇల్లు. సరిహద్దు దాటితే ఆంధ్రాలో పాతపట్నం దగ్గర రెండెకరాల పల్లం. పెద్దమ్మాయి పెళ్ళై విశాఖలో ఉంటోంది. చిన్నోడికి ఇరవై రెండేళ్ళు, మేధో వైకల్యం. నోటుకీ నోటుకీ తేడా తెలియదు గానీ, కొట్టుకు ఎవరొచ్చినా చీర మడత విప్పి అంచు చూపిస్తాడు.

ఈ తండ్రి వీలునామా రాయకుండా పోతే ఏమవుతుంది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, అమ్మాయికి, అబ్బాయికి సమాన వాటాలు. ఆయన తల్లి బతికుంటే ఆవిడకూ ఒకటి. వైకల్యం ఉందని వాటా పోదు, 28వ సెక్షన్ ఆ మాట నేరుగానే చెబుతుంది. ‘వాడికేం తెలుసు, వాడి పేర ఎందుకు’ అనే చుట్టాలకు ఇది చూపించండి.

వాటా వస్తుంది. వచ్చాకే చిక్కు. బ్యాంకులో, తాసీల్ ఆఫీసులో వాడి బదులు సంతకం ఎవరు పెట్టాలి? పద్దెనిమిది నిండాక అమ్మానాన్నలు కూడా వాళ్ళంతట వాళ్ళే సంరక్షకులైపోరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. చూపు, వినికిడి, నడక లోపం మాత్రమే ఉన్నవాళ్ళకు ఈ గొడవ లేదు. ఆస్తి వాళ్ళదే, సంతకమూ వాళ్ళదే.

చాలామంది ఎంచుకునే దారి ఇంకోటుంది: అంతా పెద్దమ్మాయి పేర రాసేసి ‘తమ్ముణ్ణి చూసుకో తల్లీ’ అనడం. అమ్మాయి మంచిదే, అల్లుడూ మంచివాడే అనుకుందాం. కానీ పూర్తి హక్కులతో రాసిన ఆస్తి ఇక ఆమెదే. ఆమెకు అప్పులైతే అప్పులవాళ్ళు దాని మీదకొస్తారు. ఆమె ముందే పోతే అది ఆమె వారసులకు పోతుంది. నమ్మకం ఉంచుకోండి, కాగితం కూడా ఉంచుకోండి.

వీలునామాలోనే ట్రస్టు పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. అంటే ఆస్తిని బిడ్డ కోసమే వాడాలని నమ్మకస్తుల (ట్రస్టీల) చేతికి అప్పగించడం. 1882 నాటి ట్రస్టుల చట్టం దీనికి ఒప్పుకుంటుంది. మీరున్నంతకాలం ఆస్తి మీ చేతిలోనే ఉంటుంది, ఎప్పుడైనా మార్చి రాసుకోవచ్చు. పిత్రార్జితమైతే మీ వాటా మేరకే రాయగలరు. నమూనా ఇలా ఉంటుంది:

‘పై షెడ్యూలులోని భూమిని, డిపాజిట్లను నా కుమారుని తిండి, బట్ట, వైద్యం, వసతి నిమిత్తం మాత్రమే అతని జీవితాంతం వాడవలెనని ట్రస్టీలైన ఫలానా, ఫలానా వారలకు అప్పగించుచున్నాను. వారిలో ఒకరు లేనిచో ఫలానావారు ఆ స్థానమున ఉండవలెను. నా కుమారుని తదనంతరం మిగిలిన ఆస్తి ఫలానావారికి చెందవలెను.’

ఆ చివరి వాక్యం దగ్గర ఆగండి. చివర్లో మిగిలింది ఎవరికి వస్తుందో ఆ మనిషి ఒక్కరే ట్రస్టీగా ఉండకూడదు. తమ్ముడి ఫిజియోథెరపీకి ఖర్చుపెట్టని ప్రతి రూపాయీ తనకే మిగులుతుంది కదా! ఎంత మంచివాళ్ళకైనా ఆ పరీక్ష పెట్టడం దేనికి? రెండో ట్రస్టీగా బయటి మనిషిని పెట్టండి. మేనమామో, స్నేహితుడో, వయసులో మీకన్నా చిన్నవాళ్ళైతే మేలు. అన్నం తినిపించే మనిషి, డబ్బు చూసే మనిషి వేరువేరుగా ఉన్నా తప్పులేదు.

ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఆస్తి అందుకునేవాళ్ళ చేత సాక్షి సంతకం పెట్టించకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి, వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. బ్యాంకులో నామినీ రాశాం కదా అనుకోకండి. నామినీ డబ్బు అందుకునే మనిషే, సొంతదారు కాదు.

ఇక మన సరిహద్దు ఊళ్ళ తంటా. వీలునామా తెలుగులో రాయొచ్చు. రిజిస్ట్రారుకు తెలియని, జిల్లాలో వాడుకలో లేని భాషలో ఉంటే అనువాదం జతచేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది. పర్లాకిమిడిలో తెలుగు వాడుక భాష కాదా అని వాదించొచ్చు, కానీ కౌంటర్ దగ్గర ఆ టెన్షన్ ఎందుకు? ఒడియా అనువాదం ఒకటి రాయించి పట్టుకెళ్ళండి. రెండు రాష్ట్రాల భూములకూ ఒకే వీలునామా సరిపోతుంది. అలాకాకుండా ఇప్పుడే ట్రస్టు డీడు రాసి పాతపట్నం భూమి బదిలీ చేయాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ ఆంధ్రా వైపే.

పేర్లు మరీ జాగ్రత్త. ఆంధ్రా పాస్‌బుక్కులో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా ఖతియాన్‌లో (అక్కడి భూమి హక్కుల కాగితం) అదే వెనక్కి పోయి ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది. ఎన్ని రూపాలుంటే అన్నీ ‘అను’ అని కలిపి వీలునామాలో రాయించండి, మీవీ బిడ్డవీ.

ఈ వారం పని: ఒక తెల్లకాగితం మీద ట్రస్టీలు ఇద్దరు, వాళ్ళ తర్వాత ఒకరు, చూసుకునే మనిషి ఒకరు, ఈ పేర్లు రాయండి. రాసినవాళ్ళను అడగండి కూడా. ‘సరే’ అన్నవాళ్ళ పేర్లే ఉంచండి. సంరక్షకుడి దరఖాస్తు వచ్చే పాఠంలో నింపుదాం. దానికి బిడ్డ వయసు రుజువు, వైకల్య ధ్రువపత్రం, మీ ఇద్దరి ఆధార్ జిరాక్సులు తీసి ఉంచుకోండి.