వెనుక బ్రేకు పట్టకపోతే షూలు మార్చే ముందు

ఇరవై ఏళ్ల నాటి వ్యానులో మంచం, గ్యాస్ పొయ్యి, నూరు లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించుకుని రాయగడ నుంచి దేవమాలి కొండకు వెళ్లి వస్తుంటాను. ఎక్కేటప్పుడు బాధ లేదు. సుంకి ఘాట్‌లో సాలూరు వైపు దిగేటప్పుడే ముందు చక్రాల నుంచి మాడు వాసన. వెనుక బ్రేకు పనిచేయక భారమంతా ముందు బ్రేకుల మీదే పడుతోందన్నమాట. వెనుక షూలు, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుకుని దాన్ని ఆపే బ్రేకు పట్టీలు, రెండుసార్లు మార్పించాను. డబ్బు పోయింది, వాసన పోలేదు.

మీరు ముందుగా హ్యాండ్ బ్రేకు చూడండి. చాలా బండ్లలో అది నొక్కేదీ ఆ వెనుక షూలనే. ఏటవాలులో బండిని గట్టిగా పట్టి నిలిపిందంటే షూలు, డ్రమ్ము చాలావరకు బాగున్నట్టే. కాలితో తొక్కిన ఒత్తిడే వెనక్కి చేరడం లేదు.

పట్టలేదా, డ్రమ్ము విప్పాలి. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఇరుసు కింద స్టాండ్లు వేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు. షూల మీది రాపిడి పొరల్లో, అంటే పాత లైనర్లలో, ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దుమ్ము ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. షూలను తోసే వీల్ సిలిండర్ మీది రబ్బరు ఎత్తితే తడి కనిపిస్తే బ్రేకు ఆయిల్ కారుతోంది. నల్లటి చిక్కటి నూనె అయితే ఇరుసులోని నూనెను ఆపే సీలు పోయింది. నూనె పీల్చిన షూలను కడిగి మళ్లీ బిగించడం పిసినారితనం కాదు, ప్రమాదం. అన్నీ పొడిగా ఉంటే షూలను డ్రమ్ముకు దగ్గర చేసే అడ్జస్టర్ బిగించి చూడండి. పెడల్ మెత్తగా దిగిపోతుంటే పైపుల్లో గాలి చేరి ఉండవచ్చు, తీయించండి.

మా బండిలో ఇవేవీ కావు. సాలూరులో ఒక ముసలి మెకానిక్ కిందికి దూరి, వెనుక ఇరుసుకు కడ్డీతో కలిపి ఉన్న చిన్న వాల్వు చూపించాడు. బరువుకు వెనుక భాగం కుంగితే అది వెనుక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ వదులుతుంది, లేస్తే తగ్గిస్తుంది. మంచం బరువుకని నేను వెనుక రెండు పక్కలా కమానులకు (స్ప్రింగులకు) చెరో కట్ట అదనంగా వేయించాను. వెనుక భాగం లేచి కూర్చుంది.

"మాస్టారూ, మీరు ఇంత సామాను ఎక్కించారు గానీ, ఈ వాల్వు లెక్కలో బండి ఖాళీగానే ఉంది" అన్నాడు.

ఆ కడ్డీని ఇంట్లో వంచి చూడకండి. ఒత్తిడి మరీ పెరిగితే వాన రోడ్డు మీద వెనుక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. ట్యాంకు నింపి, సామానుతో సహా తీసుకెళ్లి, మాన్యువల్‌లోని కొలత ప్రకారం సరిచేయించండి. తర్వాత ఖాళీ రోడ్డులో నెమ్మదిగా పరీక్షించాకే ఘాట్ దిగండి.

తీసేసిన షూలు అటక మీద ఉన్నాయి. మొన్న దించి చూస్తే లైనర్ సగం కూడా అరగలేదు.