ట్రంకుపెట్టె అడుగున దొరికిన చిన్న వస్తువులను గాజుపెట్టెలో అమర్చడం ఎలా?

పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది ట్రంకుపెట్టె అడుగున చివరికి మిగిలేవి ఏ ఇంట్లోనైనా ఇంచుమించు ఒకే రకం వస్తువులు. ఒకటో రెండో చిల్లు కాణీలు, ఏ తాళానిదో ఎవరికీ గుర్తులేని తాళంచెవి, పాళీ వంకరపోయిన కలం, నాలుగు గవ్వలు, గుడ్డమూటలో గురివింద గింజలు, నీలిరంగు ఇన్లాండు ఉత్తరం. అమ్మబోతే ఎవరూ కొనరు, పారేయడానికి మనకు చేయి రాదు. ముందు గాజు, లోపల కాస్త లోతు ఉన్న పెట్టెలో వీటిని పాతకాలపు తీరున అమర్చి గోడకు తగిలించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. షాడో బాక్స్ అని ఇప్పుడు అందరూ పిలుస్తున్నది దీనినే.

ఇలాంటి పెట్టెలు నేను చాలా ఏళ్లుగా కడుతున్నాను. ఇతరులు కట్టగా పాడైపోయిన పెట్టెలను బాగుచేయమని తెచ్చిచ్చినప్పుడు విప్పి చూశాను కూడా. విప్పిన ప్రతిసారీ తప్పు ఒక్కచోటే కనబడింది. వస్తువును అట్టకు జిగురుతో అంటించారు. అందువల్ల మిగిలిన పనులను త్వరగా చెప్పి, వస్తువును అట్టకు బిగించే దశను మాత్రం తీరికగా వివరిస్తాను. తిరిగి ఊడదీయడానికి వీలులేని పద్ధతిలో ఏ వస్తువునూ బిగించకూడదన్నదే ఈ పని మొత్తానికీ నేను పెట్టుకున్న నియమం.

సామగ్రి

ఫొటో ఫ్రేములు కట్టే దుకాణంలో 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు, కనీసం ఒకటిన్నర అంగుళం లోతు ఉండేలా చెక్క పెట్టె కట్టించుకోవాలి. ముందు భాగానికి 2 మిల్లీమీటర్ల గాజు చాలు. గాజుకు బదులు ప్లాస్టిక్ పలక వేస్తామంటే ఒప్పుకోకూడదు, ఎందుకంటే దాన్ని తుడిచినకొద్దీ విద్యుదావేశం పుట్టి అది దుమ్మును మరింతగా లాక్కుంటుంది. ఇవి కాక 3 మిల్లీమీటర్ల బైండింగు అట్ట, పాత నూలుగుడ్డ, దబ్బనం, సూది, నూలుదారం, తేనెమైనం ముక్క, పాత చొక్కా గుండీలు, పెన్సిలు కావాలి. గుడ్డ విషయంలో నాకు పట్టింపు ఉంది. ఎక్కడ చూసినా వాడుతున్న ఎర్రటి సింథటిక్ వెల్వెట్ పాత వస్తువును బహుమతి పతకంలా మార్చేస్తుంది. ఇంట్లో పొందూరు ఖద్దరు పంచె ముక్క గాని, వెలిసిన మంగళగిరి చీర ముక్క గాని ఉంటే దానికి మించినది లేదు.

వస్తువుల ఎంపిక, శుభ్రం చేయడం

ఒక పెట్టెలో ఏడు వస్తువులకు మించకూడదు. అవి ఒకే మనిషికి గాని, ఒకే కాలానికి గాని చెందినవై ఉండాలి. ఉదాహరణకు 1943 నుంచి 1947 వరకు ముద్రించిన చిల్లు కాణీ పక్కన ఒక నయా పైసాను ఉంచితే, రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కాణీలు అనే లెక్క 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసల లెక్కగా మారిన సంగతిని ఆ రెండు నాణేలే చెబుతాయి. తెలంగాణ కుటుంబాలలో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం నాణెం దొరికితే దానిని కూడా వీటి సరసన చేర్చవచ్చు. వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువుల కింద లెక్కకు వస్తాయి కాబట్టి, పెట్టె కట్టి అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపాలనుకునేవారు అటువంటి వాటిని అందులో పెట్టకూడదు.

నాణేలను, ఇత్తడి వస్తువులను చింతపండుతో తోమవద్దు. తోమితే రెండు రోజులు తళతళలాడుతాయి. అయితే ఎన్నో ఏళ్లుగా పట్టిన ముదురు గోధుమ వన్నె పోతుంది, అక్షరాల సందుల్లో మిగిలిపోయిన పులుపు లోహాన్ని తింటూనే ఉంటుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. గట్టిగా అంటుకుని ఉన్న పాత చిలుము వల్ల ప్రమాదమేమీ లేదు. వేలికి పొడిగా అంటే లేతపచ్చ చిలుము కనబడితే మాత్రం ఆ వస్తువును వేరుగా ఉంచాలి. గవ్వలను ఒక రాత్రి మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టి, నీడన ఆరనివ్వాలి. చింతపిక్కలు పెట్టదలిస్తే వాటిలో పురుగు ఉండే అవకాశం ఉంది గనుక, గాలి చొరని కవరులో కట్టి రెండు వారాలు ఫ్రీజరులో ఉంచి తీయాలి. గురివింద గింజల లోపలి పప్పు ప్రాణాంతకమైన విషం. వాటికి రంధ్రం పొడవడం, పగలగొట్టడం చేయకూడదు. మూత ఉన్న చిన్న గాజు సీసాలో పోసి, ఆ సీసానే అట్టకు కట్టాలి.

వెనుక కాగితం, గుడ్డ

ఉత్తరం అసలు ప్రతిని పెట్టెలో పెట్టకూడదు. వెలుతురుకు సిరా వెలిసిపోతుంది, పోయిన అక్షరం మళ్లీ రాదు. దానిని జెరాక్స్ తీయించి, అసలును చీకటిలో భద్రపరచాలి. ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన ప్రతి చాలావరకు తడి తగలగానే అలుక్కుపోతుంది కాబట్టి జెరాక్స్ దుకాణంలో పొడి సిరాతో వచ్చే ప్రతే కావాలి. పావు లీటరు నీటిలో నాలుగు చెంచాల టీపొడి మరిగించి, వడగట్టి, చల్లారాక ఆ ప్రతిని అయిదు నిమిషాలు ముంచి నీడన ఆరబెడితే పాత కాగితపు వన్నె వస్తుంది. కాఫీ వాడవద్దు, ఆ మరక అబద్ధంగా కనబడుతుంది.

అట్ట మీద గుడ్డను పల్చటి మైదా జిగురుతో అంటించాలి. పుస్తకాలు బైండు చేసేవారు పురుగు పట్టకుండా ఈ జిగురులో చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. పుస్తకానికి అది మంచిదే అయినా, ఇక్కడ ఇనుప తాళంచెవికి తగిలితే తుప్పు తొందరగా పడుతుంది కాబట్టి మనకు వద్దు. అట్టకు ఒకవైపే గుడ్డ అంటిస్తే ఆరేటప్పుడు అది ముడుచుకుని అట్టను విల్లులా వంచుతుంది. రెండో వైపు కూడా ఒక మందపాటి కాగితం అంటించి, బరువు కింద రెండు రోజులు ఉంచాలి.

వస్తువులను బిగించడం

ఇక్కడ తొందరపడితే ఇంతవరకు చేసినదంతా వృథా అవుతుంది. దుకాణాల్లో దొరికే జిగురులన్నీ ఈ పనికి ఎందుకు పనికిరావో ముందు చెప్పాలి. తుపాకీతో కరిగించి వేసే వేడి జిగురు నున్నటి లోహాన్ని మొదటి నుంచీ గట్టిగా పట్టుకోదు, ఎండ తగిలే గోడ మీద మూసిన గాజుపెట్టెలో మన వేసవి వేడికి మెత్తబడి జారుతుంది. క్షణాల్లో అంటుకునే జిగురు నుంచి వచ్చే ఆవిరి చుట్టుపక్కల గాజు మీద, నాణెం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. చెక్కపనికి వాడే తెల్ల జిగురులో నీరు ఉంటుంది, అది లోహానికి సరిగా అంటదు, పైగా మూసిన పెట్టెలో ఆమ్లపు ఆవిరిని కొద్దికొద్దిగా వదులుతుంది. వెనిగరు వాసన వచ్చే సిలికాను రకం అయితే మరీ ప్రమాదకరం, ఆ ఆవిరికి రాగి చిలుము పడుతుంది, సీసం తెల్లటి పిండిలా మారుతుంది, గవ్వల మెరుపు పొడిబారిపోతుంది. ఒక కుటుంబం వారు తమ తాతగారి జేబు గడియారాన్ని ఇలా అంటించిన పెట్టెను నా దగ్గరికి తెచ్చారు. అట్టను కోసి గడియారాన్ని బయటికి తీశాను గాని, దాని వెనుక మూత మీద చెక్కిన పేరులో సగం జిగురుతో పాటే పోయింది. ఆ తరువాత ఏ వస్తువుకూ నేను జిగురు తాకించలేదు.

అంటించకుండా నిలపాలంటే కట్టాలి. ముందుగా అట్ట కొలతకు ఒక పల్చటి కాగితం కత్తిరించి, బల్ల మీద పరచి, వస్తువులన్నిటినీ దాని మీద పేర్చి చూడాలి. బరువైనవి దిగువన, తేలికైనవి ఎగువన ఉండాలి. అంచుల నుంచి ఒక అంగుళం ఖాళీ వదలాలి. ఒక రోజంతా అలాగే ఉంచి, వచ్చిపోతున్నప్పుడల్లా చూస్తే ఏది జరపాలో తెలుస్తుంది. తృప్తి కలిగాక ప్రతి వస్తువు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, కట్టు ఎక్కడ పడాలో చుక్కలు పెట్టుకోవాలి. తరువాత ఆ కాగితాన్ని గుడ్డ పరిచిన అట్ట మీద కదలకుండా ఉంచి, అట్ట కింద మందంగా మడిచిన పాత పత్రికలు పెట్టి, చుక్కల మీద దబ్బనంతో నిటారుగా పొడవాలి. గుడ్డ మీద నేరుగా పెన్సిలుతో గీసినవారు ఆ గీతలను పోగొట్టలేక అవస్థ పడతారు. డ్రిల్లు వాడినవారి గుడ్డ దానికి చుట్టుకుని నలిగిపోతుంది. దబ్బనం నూలు పోగులను తెంచకుండా పక్కకు జరుపుతుంది, అందువల్ల కట్టు విప్పిన తరువాత కూడా ఆ రంధ్రం దాదాపు కనబడదు.

దారాన్ని తేనెమైనం ముక్క మీద రెండుసార్లు లాగి వాడాలి. మైనం పట్టిన దారానికి ముడి జారదు, చెమ్మకు అది ఉబ్బదు. రంగు వస్తువును బట్టి ఉండాలి, గుడ్డను బట్టి కాదు. రాగి నాణేనికి గోధుమ రంగు దారం, ఇనుప తాళంచెవికి నల్లదారం, గవ్వకు మీగడ రంగు దారం సరిపోతాయి. అట్ట వెనుక ప్రతి కట్టుకూ ఒక చొక్కా గుండీ పెట్టి, దారం రెండు కొసలనూ గుండీ రంధ్రాలలోంచి తీసి, రెండు చుట్లు తిప్పి ముడి వేయాలి. గుండీ లేకుండా అట్టకే నేరుగా ముడి వేస్తే, బరువుకు దారం అట్టను కోసుకుంటూ పోయి ఏడాది తిరిగేలోపు కట్టు వదులవుతుంది.

ఇక ఏ వస్తువును ఎక్కడ పట్టుకోవాలన్నది. చిల్లు కాణీకి దాని చిల్లే ఆధారం. ఆ చిల్లులోంచి బయటికి వచ్చి అంచు దాటి దిగే కుట్లు ఎదురెదురుగా రెండు వేస్తే అది తిరగకుండా నిలుస్తుంది. చిల్లు లేని నాణేనికి, గడియారంలో 12, 4, 8 అంకెలు ఉండే మూడు చోట్ల, సరిగ్గా అంచును ఆనుకుని, సెంటీమీటరు ఎడంతో రెండేసి రంధ్రాలు పొడవాలి. ఆ రెంటి మధ్య నేరుగా లాగిన దారం రూపాయి అంత నాణెం మీద ఒక మిల్లీమీటరు మేర మాత్రమే ఆనుతుంది, బొమ్మ గాని అంకె గాని మరుగుపడవు. రంధ్రాలను అంచుకు దూరంగా పొడిస్తే నాణెం జారిపోతుంది, నాణెం కిందికి పొడిస్తే దారం ముఖం మీదికి ఎక్కదు. మొదటిసారి చేసేవారు విలువలేని ఒక నాణెం మీద, వేరే అట్ట ముక్క మీద పదిసార్లు అలవాటు చేసుకున్నాకే అసలు అట్టను ముట్టుకోవాలి. ఈ మాట పెడచెవిన పెట్టినవారి గుడ్డ జల్లెడ కావడం చాలాసార్లు చూశాను.

గవ్వను నోరు పైకి వచ్చేలా పెడితే, పళ్ల మధ్య చీలిక వెంట దారం పొడవునా ఇమిడిపోయి కనబడకుండా ఉంటుంది. తాళంచెవికి వలయం దగ్గర ఒకటి, కాడ మీద ఒకటి చొప్పున రెండు కట్లు వేయాలి. కలం దొర్లుతుంది కాబట్టి దాని కింద గుడ్డ ముక్కను సన్నగా చుట్టి రెండు వైపులా ఒత్తుగా పెట్టి, ఆ తరువాత మూత దగ్గర, పాళీకి ముందు భాగాన కట్టాలి. ఉత్తరం ప్రతిని కుట్టకూడదు. నాలుగు మూలలకు కాగితంతో చిన్న సంచుల్లా మడిచి అట్టకు అంటించి, ప్రతిని వాటిలో దూర్చాలి. వానాకాలంలో కాగితం సాగుతుంది కాబట్టి ఆ మూలల్లో మిల్లీమీటరు ఖాళీ వదలాలి.

బిగువు ఎంత ఉండాలన్నది చేతికి తెలియవలసిన విషయం. అతిగా లాగితే దారం గుడ్డను ముడతలు పెడుతుంది, ఉత్తరోత్తరా తెగుతుంది. అన్ని కట్లూ పూర్తయ్యాక అట్టను నిలబెట్టి, వెనుక అరచేతితో రెండు దెబ్బలు తట్టాలి. గలగల వినిపించినా, ఏ వస్తువైనా వెంట్రుకవాసి కిందికి దిగినా, ఆ కట్టు విప్పి మళ్లీ వేయాలి. నేను ఈ పరీక్షను రెండు రోజుల ఎడంతో రెండుసార్లు చేస్తాను, ఎందుకంటే కొత్త దారం మొదటి రోజున కొద్దిగా సాగుతుంది.

మూయడం, తగిలించడం

అన్నిటికంటే ఎత్తైన వస్తువుకూ గాజుకూ మధ్య కనీసం అర సెంటీమీటరు ఎడం ఉండాలి, లేకపోతే గాజు లోపల పట్టిన చెమ్మ నేరుగా వస్తువుకు అంటుతుంది. ఏ వస్తువు ఎవరిది, ఏ ఊరిలో, ఎక్కడ దొరికింది అన్న వివరాన్ని ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి అట్ట వెనుక పెట్టాలి. సిరాకు చెమ్మ తగిలితే అక్షరం అలుక్కుపోతుంది, పెన్సిలు గీతకు ఆ బెడద లేదు. వెనుక పలకకు మేకులు కొట్టకుండా నాలుగు స్క్రూలతో బిగించి, సందులను కాగితపు టేపుతో మూయాలి. స్నానాలగదికి ఆనుకుని ఉన్న గోడకు, ఎండ పడే గోడకు ఈ పెట్టెను తగిలించకూడదు.

వానాకాలం వెళ్లాక, దసరాకు ఇల్లు దులిపే రోజుల్లో ఏటా ఒకసారి ఆ నాలుగు స్క్రూలూ విప్పి చూడాలి. ఏదైనా నాణెం మీద లేతపచ్చ పొడి కనబడితే వెనుక గుండీ దగ్గర దారం కత్తిరించి, నాణేన్ని తీసి, కుంచెతో దులిపి, పొడిచోట ఒక వారం ఉంచి, పాత రంధ్రాల్లోంచే కొత్త దారంతో మళ్లీ కట్టాలి.