నల్లమలలో జంతుగణనకు లేజర్ రేంజ్‌ఫైండర్ ఎంచుకోవడం ఎలా

రేంజ్‌ఫైండర్ (లేజర్ కాంతితో దూరం కొలిచే పరికరం) పెట్టె మీద అది కొలవగల దూరమంటూ 1,000 అనో 1,500 అనో పెద్ద అంకె వేసి ఉంటుంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో లైన్ ట్రాన్సెక్ట్ నడిచేవాళ్లకు, అంటే తిన్నని గీత వెంట నడుస్తూ కనబడ్డ జంతువులు ఆ గీతకు ఎంత దూరంలో ఉన్నాయో రాసుకుని మొత్తం ఎన్ని ఉన్నాయో అంచనా వేసేవాళ్లకు, ఆ అంకెతో పెద్దగా పనిలేదు. మన్ననూరు దాటితే ఆకురాల్చే అడవి. దుప్పి అయినా కణితి అయినా చాలాసార్లు వంద మీటర్ల లోపే కనబడుతుంది. అదీ తునికి కొమ్మల సందులోంచి, ఎండిన గడ్డి వెనక నుంచి. ఆ వంద మీటర్లలో గడ్డిని వదిలేసి జంతువు దూరం చెప్పే పరికరమే మనకు కావాలి.

వీటిలో చాలా మోడళ్లు వేట చట్టబద్ధంగా ఉన్న దేశాల వేటగాళ్ల కోసం తయారైనవి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అయినా పొదల్లో నిలబడ్డ జంతువు దూరం తెలుసుకోవడమే రెండు పనులకూ మూలం కాబట్టి, గణనకు కొనేటప్పుడు వేట మోడళ్లనే చూడాలి. గోల్ఫ్ మోడళ్లు, ఇంటి పనుల లేజర్ మీటర్లు పనికిరావు. లేజర్ మీటర్ గదిలో మిల్లీమీటర్లతో సహా చెబుతుంది గానీ, దాని ఎర్ర చుక్క పగటి వెలుగులో ముప్పై మీటర్ల అవతల కంటికి ఆనదు. గురి చూడటానికి దూరదర్శిని కూడా ఉండదు.

గోల్ఫ్ మోడల్ ఎందుకు వద్దో కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. పరికరం కంటికి కనిపించని పరారుణ కాంతిని చిన్న తునకలుగా వదులుతుంది, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని లెక్కిస్తుంది. కాంతి ఒక నానోసెకనుకు దాదాపు 30 సెంటీమీటర్లు పోతుంది. ఒకే గురిలో ముందు గడ్డి, తర్వాత దుప్పి, వెనక నల్లమద్ది మొద్దు ఉంటే మూడింటి నుంచీ కాంతి తిరిగొస్తుంది. ఏది చూపాలో పరికరమే నిర్ణయించుకుంటుంది. గోల్ఫ్ మోడల్ మొదట తగిలినదాన్ని చూపిస్తుంది, ఎందుకంటే గోల్ఫ్ మైదానంలో దూరం కొలవాల్సిన గుంత దగ్గరి జెండా ముందుంటుంది, చెట్లు వెనకుంటాయి. మన అడవిలో అలా చేస్తే గడ్డి దూరమే వస్తుంది. వేట మోడళ్లలో చివరగా తగిలినదాన్ని చూపే పద్ధతి ఉంటుంది. దానికీ ఒక చిక్కుంది: దుప్పి పక్కనుంచి పోయిన కాంతి వెనక మొద్దుకు తగిలితే మొద్దు దూరం వస్తుంది. అందుకే రెండు పద్ధతులనూ మార్చుకునే వీలున్న మోడల్ కొనండి. రెండిట్లోనూ ఒకే అంకె వస్తే నమ్మండి. తేడా వస్తే జంతువు పక్కనే, అంతే దూరంలో ఉన్న చెట్టు మొద్దునో బండనో కొలవండి. మొద్దు కదలదు, దాని మీద పడ్డ కాంతి బాగా తిరిగొస్తుంది.

కాంతి పుంజం ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. దీన్ని మిల్లీరేడియన్లలో రాస్తారు. 1 మిల్లీరేడియన్ అంటే వంద మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్ల వెడల్పు. 2 మిల్లీరేడియన్ల పుంజం అక్కడ 20 సెంటీమీటర్లుంటుంది, దుప్పి ఒంటి మీద పట్టేస్తుంది. కొన్ని పరికరాల్లో పుంజం గుండ్రంగా ఉండదు, ఒక వైపు సాగి ఉంటుంది. నిలువుగా సాగిన పుంజం కిందున్న గడ్డిని తాకుతుంది. అలాంటప్పుడు పరికరాన్ని పక్కకు తిప్పి పట్టుకుంటే సరిపోతుంది, కానీ ఏ వైపు సాగి ఉందో ముందే తెలిసుండాలి. తెలుసుకోవడం తేలికే. వంద మీటర్ల దూరంలో, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని కరెంటు స్తంభాన్ని ఎంచుకోండి. స్కాన్ పద్ధతిలో బటన్ నొక్కిపట్టి గురి గుర్తును ఎడమ నుంచి కుడికి మెల్లగా జరపండి. అంకె ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయిందో చూడండి. స్తంభం కొస దగ్గర కింది నుంచి పైకి కూడా ఇలాగే చేయండి. గుర్తు స్తంభం మీదికి రాకముందే అంకె వచ్చి, స్తంభం మీద ఉండగానే పోతే గురికీ పుంజానికీ పొంతన లేదన్నమాట. ఆ పరికరాన్ని వెనక్కి ఇచ్చేయండి.

పెట్టె మీది అంకె సంగతి. అది కాంతిని బాగా తిప్పిపంపే పలకల మీద వచ్చిన దూరం. చెట్టు మీద అంతకన్నా తక్కువ, జింక మీద ఇంకా తక్కువ వస్తుంది. 1,000 అని రాసినది జింక మీద 400 దాటకపోవచ్చు. నల్లమలకు అది ఎక్కువే. కృష్ణా ఒడ్డున మక్తల్ వైపు నల్లరేగడి చేలల్లో కృష్ణజింకలను లెక్కపెట్టేవాళ్లకు మాత్రం 300, 400 మీటర్లలో నికరంగా పనిచేసేది కావాలి. అక్కడ అడ్డం ఏమీ ఉండదు, మందలు దూరంగా నిలబడతాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు, పొగమంచులో, వానలో ఏ పరికరానికైనా దూరం తగ్గుతుంది. జీపు అద్దంలోంచి కొలవకండి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది గజాలు. చాలా పరికరాలు గజాల్లో సెట్ అయి వస్తాయి. 100 గజాలంటే 91.44 మీటర్లు. గజాల అంకెను మీటర్లుగా రాసుకుంటే దూరాలన్నీ 9 శాతానికి పైగా పెరుగుతాయి, జంతు సాంద్రత 8.5 శాతం దాకా తగ్గి కనబడుతుంది. ఒక్క బీట్‌లో (ఒక ఫారెస్ట్ గార్డు చూసుకునే అటవీ భాగం) జరిగినా ఆ లెక్క మొత్తం చెడుతుంది, తర్వాత పట్టుకోవడం కష్టం. కొనగానే మీటర్లలోకి మార్చండి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ, ప్రతి ఉదయం లైన్ మొదలుపెట్టే ముందూ తెర మీద ‘ఎం’ అక్షరం ఉందో ‘వై’ ఉందో చూడండి.

ఇలాంటిదే ఇంకొకటి, వాలు సవరణ. గుట్టల మీద ఇది చాలా అవసరం. 30 డిగ్రీల వాలులో 60 మీటర్ల చూపు దూరం నేల మీద 52 మీటర్లే. మనకు కావాల్సింది ఆ 52. కానీ వేట మోడళ్లలో తూటా పడే తీరును బట్టి దూరాన్ని మార్చి చూపే పద్ధతి కూడా ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే వచ్చే అంకె ఏ లెక్కకూ పనికిరాదు. మాన్యువల్ చదివి సమతల దూరాన్ని మాత్రమే చూపేలా పెట్టండి. ఫారెస్ట్ సిబ్బంది కోసమే తయారైన నికాన్ ఫారెస్ట్రీ ప్రో 2 లాంటివి సమతల దూరం, కోణం, చెట్టు ఎత్తు నేరుగా చూపిస్తాయి. డబ్బు సర్దుకుంటే ఇలాంటిదే మేలు.

తెర విషయంలో ఎర్రగా వెలిగే అంకెలున్నది తీసుకోండి. లైన్ నడిచేది పొద్దు పొడిచే వేళ, నల్ల అంకెలు ముదురు చెట్ల నేపథ్యంలో కలిసిపోతాయి. వెలుగు తగ్గించే, పెంచే వీలుండాలి. ఆరు రెట్లు పెద్దగా చూపేది చాలు. ఎనిమిది రెట్లది చేతి వణుకును కూడా పెద్దది చేస్తుంది. ముందు కటకం 21 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

బ్యాటరీ. ఎక్కువ మోడళ్లకు సీఆర్2 కావాలి. అచ్చంపేట, దేవరకొండ దుకాణాల్లో దొరుకుతుందని నమ్మి బయలుదేరకండి, హైదరాబాద్‌లోనే రెండు కొని జేబులో వేసుకోండి. టైప్‌-సి ఛార్జింగ్ ఉన్నవీ వస్తున్నాయి. బేస్ క్యాంపులో సోలార్ ఉంటే అవి నయం.

కొన్న రోజే ఇలా పరీక్షించండి. 30 మీటర్ల ఫైబర్ టేపుతో గోడ నుంచి 10, 30, 60, 90 మీటర్ల దగ్గర సున్నంతో గీతలు వేయండి. ఒక్కో గీత దగ్గర పదిసార్లు కొలవండి. పదిలో తొమ్మిది అంకెలు మీటరు అటూఇటుగా ఉండాలి. అన్నీ ఒకే వైపు ఒకే తేడాతో తప్పితే ఆ తేడా రాసిపెట్టుకుని సవరించుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కోలా తప్పితే సవరణ కుదరదు. తెర మీద దశాంశం కనబడినంత మాత్రాన అంత ఖచ్చితత్వం ఉన్నట్టు కాదు. తర్వాత అదే దూరాల్లో గేదెను కొలవండి. నల్లటి చర్మం కాంతిని మింగేస్తుంది. గేదె మీద 90 మీటర్ల దగ్గర అంకె వస్తే కణితి మీద కూడా వస్తుంది. చివరగా పరికరానికీ గేదెకూ మధ్య జొన్నచొప్ప అడ్డం పెట్టి రెండు పద్ధతుల్లోనూ చూడండి.

లైన్ మీద కొలిచేటప్పుడు జంతువును మొదట చూసిన చోటిదే దూరం. అది పరుగెత్తితే ఆగిన చోటు కొలవకండి, మొదట నిలబడ్డ చోటున్న చెట్టును కొలవండి. మంద అయితే మంద మధ్యకు కొలవాలి. 47 వస్తే 47 అనే రాయండి, 45 అనో 50 అనో సర్దకండి. దూరంతోపాటు దిక్సూచితో కోణం కూడా జాగ్రత్తగా చూడాలి. లైన్ నుంచి 30 డిగ్రీల కోణంలో 60 మీటర్ల దూరానున్న దుప్పి లైన్‌కు 30 మీటర్ల అవతల ఉన్నట్టు లెక్క. కోణం 5 డిగ్రీలు ఎక్కువ రాస్తే అది 34 మీటర్లు దాటుతుంది. ఖరీదైన రేంజ్‌ఫైండర్ కొని నాసిరకం దిక్సూచి వాడితే పెట్టిన డబ్బు వృథా. చాలా పరికరాలకు ఐదారు మీటర్ల లోపు అంకె రాదు, అక్కడ టేపు పట్టాలి.

నీటి రక్షణ ఐపీఎక్స్4 అంటే తుంపరలకు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. ఒర్రెలు దాటే తొవ్వలో రెండోదే మంచిది. ఎండాకాలం జీపు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే తెర నల్లబడుతుంది. కటకం మీద దుమ్ము పడితే ముందు ఊదే బల్బుతో కొట్టి, తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి. కండువాతో రుద్దితే ఇసుక రేణువులు పైపూతను గీరేస్తాయి, మసకబారిన కటకంతో దూరం తగ్గిపోతుంది. గణన అయిపోయాక బ్యాటరీ తీసి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి.