విమానం పైకి లేచాక ఫోన్ జారితే సీటు కదపకండి

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో, బయలుదేరబోతున్న ఎయిర్ బుసాన్ విమానం మంటల్లో చిక్కుకుంది. అందులోని వారందరూ ప్రాణాలతో బయటపడ్డారు గానీ, మంటకు పవర్ బ్యాంకు కారణమై ఉండవచ్చని దర్యాప్తు అధికారులు చెప్పిన తరువాత పలు విమానయాన సంస్థలు నియమాలను కట్టుదిట్టం చేశాయి. అందుకే విమానంలో ఫోన్, ల్యాప్‌టాప్ వంటి పరికరాలతో చేయకూడని పనుల గురించి చెబుతాను. ఫ్లైట్ మోడ్ సంగతి అందరికీ తెలిసినదే కనుక దానిని పక్కన పెడతాను.

చక్రాలు నేలను విడిచినంత మాత్రాన అన్ని పరికరాలకూ అనుమతి వచ్చినట్టు కాదు. ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోన్‌ను చాలా సంస్థలు ప్రయాణం పొడవునా వాడుకోనిస్తాయి. ల్యాప్‌టాప్‌ను మాత్రం విమానం సుమారు 10,000 అడుగులు దాటి, సిబ్బంది ప్రకటించేవరకు తీయకూడదు. ఇక్కడ భయం సంకేతాల గురించి కాదు, బరువు గురించి. ఒక్క పెద్ద కుదుపుకు అది ఎగిరి పక్కవారి తలకు తగలవచ్చు, అత్యవసరంగా దిగవలసి వస్తే కాళ్లకు అడ్డం పడవచ్చు.

నేను పదేపదే చూసిన పొరపాటు వేరొకటి ఉంది. విమానం ముక్కు పైకెత్తి ఎక్కుతున్నప్పుడు ఒడిలో పెట్టుకున్న ఫోన్ వెనక్కి జారి సీటు సందులో పడుతుంది, ప్రకటన వినిపించగానే దాని యజమాని సీటును ముందుకూ వెనక్కూ జరుపుతూ వెతకడం మొదలుపెడతాడు. లోపలి లోహపు భాగాల మధ్య ఫోన్ నలిగి, లిథియం బ్యాటరీలోని పలుచని పొర చిరిగితే లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అలా పుట్టిన వేడి తనను తానే పెంచుకుంటూ పోతుంది. మోటారు సీట్లలో ముప్పు మరీ ఎక్కువ, ఎందుకంటే మీట నొక్కినవారి చేతికి అడ్డు తగిలినట్టే తెలియదు.

కాబట్టి ఫోన్ జారితే సీటు కదపకండి. చేయి దూర్చకండి. సిబ్బందిని పిలవండి, వారు వచ్చేవరకు సీటు కదపకండి. పవర్ బ్యాంకును తలపై అరలో పెట్టకండి, అక్కడ పొగ ఆలస్యంగా కనబడుతుంది. ఉబ్బిన ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టకండి. వేడెక్కి పొగ చిమ్ముతున్న పరికరాన్ని చేత్తో పట్టుకోకండి, దుప్పటి కప్పకండి. మంట ఆరినా బ్యాటరీ మళ్లీ అంటుకోగలదు కనుక సిబ్బంది దానిని నీటితో చల్లబరుస్తారు, వారికి దారి ఇవ్వండి. పొగమంచులో దిగేటప్పుడు పరికరాలన్నీ ఆపమంటే, ఫ్లైట్ మోడ్‌లోనే ఉందని వాదించకుండా ఆపండి. దిగే వేళకూ ఫోన్ దొరకకపోతే సీటు సంఖ్య చెప్పకుండా వెళ్లకండి: తరువాత అక్కడ కూర్చునే ప్రయాణికుడు ఏమీ తెలియక ఆ సీటును వాలుస్తాడు.