ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క తేడా వస్తోందా? ముందు చుక్క తర్వాతి అంకెలు చూడండి

ఎక్సెల్ షీట్‌లో ఫార్ములాల మీద పడకముందు ఒక మనిషిని, ఒక వారాన్ని తీసుకుని కాగితం మీద లెక్కేయండి. ఐదు నిమిషాల పని. దాదాపు అందరూ దీన్నే వదిలేసి, బాగున్న ఫార్ములాను కూడా చెడగొట్టుకుంటారు.

ఓటీ డబ్బు నమ్మలేనంత తక్కువ వస్తోంది. 10 గంటలకు, గంటకు 180 చొప్పున 1800 రావాల్సింది 75 వచ్చిందంటే కారణం ఒకటే. ఎక్సెల్‌కి సమయం అంటే రోజులో భాగం, అంటే 10 గంటలు దానికి 0.4167. రేటుతో గుణించే ముందు 24తో గుణించండి.

వారం మొత్తం 51:30 బదులు 3:30 చూపిస్తోంది. లోపల విలువ సరిగ్గానే ఉంది, 24 దాటగానే గడియారంలా మళ్లీ సున్నా నుంచి చూపిస్తోందంతే. ఫార్మాట్‌లో గంటల అక్షరానికి చదరపు బ్రాకెట్లు పెట్టండి, అంటే [h]:mm.

నైట్ షిఫ్ట్‌కి గడి నిండా హ్యాష్ గుర్తులు. డ్యూటీ దిగిన సమయం ఎక్కిన సమయం కన్నా చిన్నదైతే తేడాకు 1, అంటే ఒక రోజు, కలపమని ఫార్ములాలో చెప్పండి.

ఇక అసలు దొంగ. ఎర్రర్ ఏమీ రాదు, మామూలు జీతం పైసాతో సహా సరిపోతుంది, కానీ ఓటీ తక్కువ పడిందని మనిషి మాత్రం అంటూనే ఉంటాడు. అతని మాట కొట్టిపారేయకండి. రిజిస్టర్‌లోని 8 గంటల 45 నిమిషాలను ఎవరో 8.45 అని కొట్టి ఉంటారు. నిజానికి అది 8.75.

ఆరు రోజులూ ఇలాగే కొడితే షీట్‌లో 50.70 గంటలు, అసలు పని 52.50. ఓటీ 48 దాటాక అనుకుంటే, 4.50 గంటలకు బదులు 2.70 గంటలకే డబ్బు పడుతుంది. అదే 180 రేటుకు 810 రావాల్సిన చోట 486. మొదటి 48 గంటలూ చెక్కుచెదరవు కాబట్టి కోత మొత్తం ఓటీ మీదే పడుతుంది. అందుకే నెలల తరబడి ఎవరి కంటా పడదు.

ఎక్కిన, దిగిన సమయాలను చుక్కతో కొట్టి తీసివేస్తే తప్పు ఎక్కువ వైపుకు కూడా తిరగొచ్చు: 18.15 లోంచి 9.45 తీస్తే 8.70 వస్తుంది, నిజంగా చేసింది ఎనిమిదిన్నర గంటలే. కొందరికి పెరిగి కొందరికి తగ్గడంతో మొత్తం బిల్లు బాగున్నట్టే కనిపిస్తుంది.

పట్టుకోవడం తేలిక. నెల మొత్తం గంటల కాలమ్‌లో, లేదా చుక్కతో కొట్టిన ఎక్కిన, దిగిన సమయాల కాలమ్‌లలో, చుక్క తర్వాతి అంకెలు చూడండి. ఎక్కడా .59 దాటకపోతే అవి చాలావరకు నిమిషాలే. అప్పుడు చుక్క తర్వాతి రెండంకెలను 60తో భాగించి గంటలకు కలపండి. 8.30 షీట్‌లో 8.3గా కనబడుతుంది, దాన్ని మూడు నిమిషాలనుకోకండి. ఇకపై గంటలకో కాలమ్, నిమిషాలకో కాలమ్ పెట్టండి. చుక్క కొట్టే అవకాశమే ఉండకూడదు.

ఎడమవైపు అతుక్కున్న అంకెలుంటే అవి టెక్స్ట్ కావచ్చు, మొత్తంలో కలవవు. 1904 తేదీ పద్ధతి (తేదీలను 1904 నుంచి లెక్కించే ఎక్సెల్ సెట్టింగ్) లాంటివి చాలా అరుదు, వాటి జోలికి చివర్లో వెళ్లండి. ఎన్ని గంటలు దాటితే ఓటీ, రేటు ఒకటిన్నర రెట్లా రెండు రెట్లా అన్నది మాత్రం మీకు వర్తించే చట్టంలో చూసుకోవాలి.

తప్పు దొరికాక ఈ నెలది దిద్ది ఊరుకోకండి. ఆ షీట్ ఎప్పటి నుంచి వాడుతున్నారో అప్పటి నుంచి లెక్క తిరగేసి, తక్కువ పడిన బాకీ వచ్చే జీతంలో విడిగా చూపించి ఇచ్చేయండి.