ఉన్న డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ – మూడో పాఠం: ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు?

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. మీరు నిజంగా ఆడే గేములు నాలుగైదు, మీ మానిటర్ రిజల్యూషన్, దాని రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో), చేతిలో ఉన్న మొత్తం డబ్బు – ఇవి ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. ఇంకా రాయకపోతే ఇప్పుడే రాసేయండి, పది నిమిషాల పని. ఈ రోజు తీసుకునే ప్రతి నిర్ణయానికీ దాన్నే చూసుకోవాలి.

ఈ పాఠంలో గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై ఎంచుకుందాం. క్యాబినెట్, కీబోర్డు, లైట్ల గురించి మాట్లాడను. గాలి బాగా ఆడే క్యాబినెట్ ఏదైనా చాలు.

ఒక్క ఫ్రేము ఎలా తయారవుతుంది

గోడ కడుతున్న చోటు గుర్తు తెచ్చుకోండి. ఒకరు ఇటుకలు అందిస్తుంటారు, మేస్త్రీ పేరుస్తుంటాడు. అందించే మనిషి నెమ్మదైతే మేస్త్రీ చేతులు ఖాళీ. మేస్త్రీ నెమ్మదైతే అందించేవాడు ఇటుక పట్టుకుని నిలబడాలి. గోడ లేచే వేగం ఇద్దరిలో నెమ్మదిగా ఉన్నవాడిదే.

గేములో ఇటుకలు అందించేది ప్రాసెసర్. ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎటు పోయింది, తలుపు తెరుచుకుందా అని లెక్క తేల్చి, ఏం గీయాలో కార్డుకు చెబుతుంది. గీసేది గ్రాఫిక్స్ కార్డు. అలా గీసిన ఒక్కో బొమ్మే ఒక ఫ్రేము. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 6.9 మాత్రమే.

ఒక గేములో ప్రాసెసర్ తన పని 8 మిల్లీసెకన్లలో, కార్డు తన పని 16 మిల్లీసెకన్లలో పూర్తి చేస్తున్నాయనుకుందాం. మీకు కనిపించేది సెకనుకు దాదాపు 62 ఫ్రేములు. ఇప్పుడు ప్రాసెసర్ మీద రెట్టింపు డబ్బు పెట్టి 8ని 4 చేశారు. తెర మీద మార్పు ఉండదు, అవే 62. అదే డబ్బు కార్డు మీద పెట్టి 16ని 10 చేస్తే 100 ఫ్రేములు వస్తాయి. చిన్న బడ్జెట్ అంటే చవక భాగాలు ఏరుకోవడం అనుకుంటారు చాలామంది. నా లెక్కలో అది వేరు. ఏ భాగమూ ఇంకోదాని కోసం ఖాళీగా నిలబడకుండా చూసుకోవడమే అసలు పని.

మీ దగ్గర ఇప్పటికే పాత కంప్యూటర్ ఉంటే ఎవరు ఆగుతున్నారో ఈ రోజే తేల్చుకోవచ్చు. గేము ఆడుతూ కార్డు వాడకం ఎంత శాతం ఉందో చూడండి. ఫ్రేముల సంఖ్యకు ఎక్కడా పరిమితి పెట్టకుండా, వీసింక్ (ఫ్రేముల్ని తెర వేగానికి కట్టేసే సెట్టింగు) ఆపేసి చూడాలి. 95 శాతం పైన ఉంటే కార్డు తన శక్తంతా పెడుతోంది, కాబట్టి మారాల్సింది కార్డే. 60 శాతం దగ్గర తిరుగుతూ ఫ్రేములు మాత్రం తక్కువగా ఉంటే ఇంకో పరీక్ష చేయండి. గేము రిజల్యూషన్ బాగా తగ్గించండి. కార్డుకు పని తగ్గినా ఫ్రేములు పెరగలేదంటే ప్రాసెసర్ వైపే ఆలస్యం జరుగుతోంది. ఈ పరీక్ష చేయకుండా కొత్త కార్డు కొని, ఫ్రేములు అంతే ఉన్నాయని బాధపడ్డవాళ్లను చూశాను. దయచేసి చేయండి.

ముందు కార్డు, తర్వాతే మిగతావి

ఇప్పుడు కాగితంలో మానిటర్ దగ్గరకు రండి. 1080పీ తెర మీద ఉండేవి 20.7 లక్షల పిక్సెల్స్. 1440పీలో 36.9 లక్షలు. 4కేలో దాదాపు 83 లక్షలు. కార్డుకు పని ఈ లెక్కనే పెరుగుతుంది, ప్రాసెసర్‌కు పెద్దగా పెరగదు. అందుకే బిగుతు బడ్జెట్లో 1080పీ తెర దగ్గర ఆగమంటాను. ఉన్న మానిటర్ 60 లేదా 75 హెర్ట్జ్ అయితే, సెకనుకు 140 ఫ్రేములు తీసే కంప్యూటర్ కట్టినా ఆ తెర చూపించేది 60 లేదా 75 మాత్రమే.

మొత్తం డబ్బును 100 పాళ్లు అనుకుంటే కార్డుకు 35 నుంచి 40 పాళ్లు పక్కన పెట్టండి. ప్రాసెసర్‌కు అందులో సగం చాలు. పెద్ద పెద్ద దృశ్యాలున్న కథ గేములు ఆడేవాళ్లకు ఇది బాగా సరిపోతుంది. పోటీ షూటింగ్ గేముల్ని సెట్టింగులు తగ్గించి, సెకనుకు 144 ఫ్రేములతో ఆడాలనుకునేవాళ్లు మాత్రం కార్డు నుంచి నాలుగైదు పాళ్లు తీసి ప్రాసెసర్‌కు ఇవ్వాలి, ఎందుకంటే అక్కడ ముందు చేతులెత్తేసేది అదే.

కార్డు ఎంపికలో నేను మొదట చూసేది దాని సొంత మెమరీ. 1080పీకి 8 జీబీ ఉండాలి. 4 జీబీ కార్డుతో ఇప్పటి పెద్ద గేముల్లో టెక్స్చర్లు (గోడలు, నేల, బట్టల మీద పరిచే బొమ్మలు) పట్టవు. పట్టనివి మదర్‌బోర్డు మీద ఉన్న ర్యామ్‌లోకి పోతాయి, కావలసినప్పుడల్లా అక్కడి నుంచి రావాలి. ఆ దారి కార్డు సొంత మెమరీతో పోలిస్తే చాలా ఇరుకు. సగటు ఫ్రేములు బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే, మలుపు తిరిగినప్పుడల్లా ఆట ఉక్కిరిబిక్కిరి అవుతుంటుంది.

ఆ దారి వెడల్పు కూడా అన్ని కార్డులకూ ఒకటి కాదు. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి 4 జీబీ మెమరీ, పీసీఐ 4.0లో నాలుగు లేన్లు. పీసీఐ అంటే కార్డును బోర్డుకు కలిపే దారి, లేన్లు అంటే ఆ దారిలో వరుసలు. కొత్త బోర్డు మీద ఆ నాలుగు లేన్లలో సెకనుకు సుమారు 8 జీబీ నడుస్తుంది. పీసీఐ 3.0 మాత్రమే ఉన్న పాత బోర్డులో పెడితే అది 4 జీబీకి పడిపోతుంది. అంటే పాత కంప్యూటర్‌కు చవకగా ప్రాణం పోద్దామని దీన్ని కొన్నవాళ్లకే నష్టం ఎక్కువ. 2021 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600కు 8 జీబీ మెమరీ, ఎనిమిది లేన్లు, వాడే కరెంటు 132 వాట్లు. ఈ రెండింటి ధరల మధ్య తేడా ఎంతో కూడబెట్టి అయినా రెండోదానికి వెళ్లమంటాను. అందుకు ఒక నెల ఆగాల్సి వచ్చినా ఆగండి.

ఇక పేర్లు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే తక్కువ డబ్బుతో కొనేవాళ్లు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒకే పేరుతో రెండు వేర్వేరు కార్డులు అమ్ముడవుతుంటాయి. జీటీ 1030 మొదట జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, సెకనుకు 48 జీబీ అందించేది. తర్వాత అదే పేరు మీద డీడీఆర్4 మెమరీతో ఇంకోటి వచ్చింది. దానిది 17 జీబీ కూడా లేదు. డబ్బా మీద రెండూ జీటీ 1030లే. జీటీఎక్స్ 1060లో 6 జీబీ కార్డుకు 1280 కోర్లు (చిప్పులో లెక్కలు చేసే చిన్న భాగాలు), 3 జీబీ కార్డుకు 1152. చూసేవాళ్లు మెమరీ ఒక్కటే తగ్గిందనుకుంటారు, చిప్పులో కూడా కోత పడింది. ఆర్‌టీఎక్స్ 3050 కూడా అంతే. 8 జీబీ కార్డులో 2560 కోర్లు, 128 బిట్ల మెమరీ దారి (చిప్పుకూ దాని మెమరీకీ మధ్య ఉన్న దారి వెడల్పు). 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో 2304 కోర్లు, 96 బిట్ల దారి. దాన్ని తీసిపారేయలేం. 70 వాట్లే వాడుతుంది, చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. చిన్న పవర్ సప్లై ఉన్న పాత ఆఫీసు కంప్యూటర్లో పెట్టడానికి అది మంచి కార్డే. 8 జీబీ కార్డు అనుకుని అదే ధర పెట్టకూడదు, అంతే. కాబట్టి పేరు చూసి ఆగకండి. మెమరీ ఎంత, ఏ రకం, ఎన్ని బిట్లు, ఎన్ని కోర్లు అని నాలుగూ రాసుకున్నాకే ధర పోల్చండి.

ప్రాసెసర్

ఆరు కోర్లు, 12 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) ఉన్నది ఈ స్థాయి కార్డుకు చక్కగా సరిపోతుంది. ఏఎండీ రైజెన్ 5 5600, ఇంటెల్ ఐ5-12400ఎఫ్ రెండూ అలాంటివే. డబ్బు ఇంకా తక్కువైతే నాలుగు కోర్ల ఐ3-12100ఎఫ్ కూడా చాలా గేముల్లో నిలబడుతుంది.

చివరి అక్షరాలు చదవడం నేర్చుకోండి. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు, కార్డు లేకుండా తెర మీద ఏమీ రాదు. రైజెన్ 5600కు కూడా అది లేదు. 5600జీకి ఉంది.

ఈ జీ రకం గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. ఇప్పుడు కార్డు కొనే డబ్బు లేదు, 5600జీతో మొదలుపెట్టి ఏడాది తర్వాత కార్డు వేసుకోవచ్చా అని. వేసుకోవచ్చు, అది తప్పు దారేమీ కాదు. కాకపోతే రెండు సంగతులు తెలిసి ఆ దారిలో వెళ్లండి. 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) 32 ఎంబీ, 5600జీలో 16 ఎంబీ. గేముల్లో ఆ తేడా కనిపిస్తుంది. రెండోది, 5600జీ పీసీఐ 3.0 వరకే పనిచేస్తుంది, బోర్డు ఎంత కొత్తదైనా సరే. ఇందాక చెప్పిన నాలుగు లేన్ల కార్డును దీని పక్కన పెడితే అదే ఇరుకు దారిలో పడతారు. రైజెన్ 5 5500కూ ఈ రెండు లోపాలూ ఉన్నాయి, పైగా దాని లోపల గ్రాఫిక్స్ కూడా లేదు. పేరులో 5600కు దగ్గరగా ఉందని దాన్ని తీసుకోకండి.

బోర్డు గురించి ఒక్క జాగ్రత్త చెప్పి వదిలేస్తాను. బీ450 లాంటి పాత బోర్డు మీద రైజెన్ 5000 వరుస ప్రాసెసర్ పెట్టాలంటే బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయి ఉండాలి. లేకపోతే బటన్ నొక్కినా తెర నల్లగానే ఉంటుంది, భాగం పాడైందని కంగారు పడతారు. కొనేముందే అమ్మేవాళ్లను అడగండి.

ర్యామ్: ఒకటి కాదు, రెండు

16 జీబీ కావాలి. ఒకే 16 స్టిక్కు కాకుండా రెండు 8 జీబీ స్టిక్కులు తీసుకోండి. డీడీఆర్4 3200 స్టిక్కు ఒకటే ఉంటే సెకనుకు 25.6 జీబీ అందుతుంది. రెండు ఉంటే 51.2. 5600జీ లాంటి ప్రాసెసర్లో లోపలి గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ లేదు, ఈ ర్యామే దాని మెమరీ కూడా. అక్కడ రెండో స్టిక్కు లేకపోవడం సగం శక్తి వదులుకోవడమే. బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. బిగించాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి. చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ కూడా 2133 లేదా 2400 దగ్గరే నడవొచ్చు. డబ్బు పెట్టి కొన్న వేగం, దాన్ని వదిలేయకండి.

పవర్ సప్లైలో పొదుపు వద్దు

నా మొదటి కంప్యూటర్లో దెబ్బ తిన్నది ఇక్కడే. డబ్బంతా కార్డుకే పోయింది. మిగిలిన కొంచెంతో 500 వాట్లు అని పెద్దక్షరాలతో రాసి ఉన్న ఒక చవక పవర్ సప్లై తెచ్చాను. గేము మొదలైన పావుగంటకు కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. కార్డు పోయిందేమోనని ఒకటే టెన్షన్. డ్రైవర్లు మార్చాను, విండోస్ మళ్లీ వేశాను, వారం రోజులు నిద్ర లేదు. చివరికి ఆ డబ్బా పక్కనున్న స్టిక్కర్ చదివితే 12 వోల్టుల లైనులో 18 ఆంపియర్లే ఉన్నాయి. 12ను 18తో గుణిస్తే 216 వాట్లు. కార్డూ ప్రాసెసరూ కరెంటు తీసుకునేది ఆ లైను నుంచే.

మీరు కూడా ఆ ఒక్క గుణకారం చేయండి. రైజెన్ 5600కు సుమారు 76 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600కు 132, బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీకి (గేములు, ఫైళ్లు దాచే డ్రైవ్) 50 కలిపితే 260 దాకా వస్తుంది. కార్డులు క్షణకాలం పాటు దీనికి మించి లాగుతాయి, కాబట్టి 12 వోల్టుల లైనులోనే 400 వాట్లకు పైగా ఇచ్చేది చూడండి. మంచి కంపెనీ 450 లేదా 500 వాట్లది చాలు, 750 అక్కర్లేదు. 80 ప్లస్ ముద్ర ఉంటే మంచిదే కానీ, అది చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందన్నదే. షార్టయినా లోడు మించినా ఆగిపోయే రక్షణలు ఉన్నాయో లేదో ఆ ముద్ర చెప్పదు, వాటిని విడిగా చూసుకోవాలి.

డబ్బు చాలకపోతే ఎక్కడ కోయాలి అంటే, తర్వాత సులువుగా మార్చుకోగలిగిన చోట కోయండి. 1 టీబీ ఎస్ఎస్‌డీ బదులు 500 జీబీది తీసుకుని తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు. సెకనుకు 550 ఎంబీ ఇచ్చే సాటా ఎస్ఎస్‌డీకీ, 3500 ఇచ్చే ఇంకో రకం, ఎన్‌వీఎంఈకీ కాగితం మీద ఉన్నంత తేడా గేము తెరుచుకునే సమయంలో కనిపించదు. ప్రాసెసర్‌తో వచ్చే కూలర్ 5600కూ 12400ఎఫ్‌కూ సరిపోతుంది. లైట్లు, అద్దాల క్యాబినెట్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. పవర్ సప్లై మాత్రం అలా కాదు, అది పోతూ మిగతావాటిని వెంట తీసుకుపోగలదు.

ఈ వారం పని

కాగితం మీద మూడు నిలువు గీతలు గీసి నాలుగు గడులు చేయండి. మొదటి గడిలో మీ బడ్జెట్లో 40 పాళ్లకు మించని కార్డులు మూడు, వాటి మెమరీ, బిట్లు, కోర్లు, లేన్లు, వాట్లు. రెండో గడిలో ఆ కార్డులకు తగ్గ ప్రాసెసర్ ఒకటి, అది పీసీఐ ఎంత వరకు పనిచేస్తుందో పక్కనే. మూడో గడిలో 12 వోల్టుల లైను గుణకారం చేసి ఎంచుకున్న పవర్ సప్లై. నాలుగోది ఖాళీగా ఉంచండి. వచ్చే పాఠంలో సెకండ్ హ్యాండ్ కార్డును ఎలా పరీక్షించాలో నేర్చుకుంటాం, ఆ గడి దానికోసం.